లాంగ్‌టర్మ్‌కు వెళ్లాలా, వచ్చిన సీటులో చేరాలా?

మళ్లీ పరీక్ష రాయించాలా వద్దా అన్న మాట ఏటా జూన్‌లో నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు ఎన్నో ఇళ్లలో ఒకే ప్రశ్నగా వినిపిస్తుంది గాని, అందులో నిజానికి మూడు నాలుగు వేర్వేరు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. ఎన్‌ఐటీల వంటి జాతీయ ఇంజనీరింగ్ సంస్థల కోసం జేఈఈ మెయిన్‌ను రెండోసారి రాయడం వేరు, రాష్ట్ర కళాశాలల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కోసం ఏడాది ఆగడం వేరు, వైద్య ప్రవేశ పరీక్ష నీట్ కోసం లాంగ్‌టర్మ్‌లో, అంటే ఇంటర్ తరువాత ఏడాదంతా నడిచే కోచింగ్‌లో, కూర్చోవడం వేరు. పోయే కాలం గాని, అయ్యే ఖర్చు గాని, మార్కులు పెరిగితే చేతికి వచ్చే ఫలితం గాని వీటిలో ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. పక్కింటి అబ్బాయికి లాంగ్‌టర్మ్ కలిసొచ్చిందని మన అమ్మాయినీ పంపడం, మేనమామ కొడుకు రెండేళ్లు కూర్చున్నా సీటు రాలేదని మన పిల్లవాణ్ని వద్దనడం, రెండూ సరైన కొలతలు కావు. నా దృష్టిలో ముఖ్యంగా చూడవలసినవి రెండు: మొన్నటి పరీక్షలో మార్కులు ఎక్కడ, ఎందుకు పోయాయి అన్నది ఒకటి, మన కేటగిరీలో నిరుడు చివరి సీటు దక్కిన ర్యాంకుకు మన ర్యాంకు ఎంత దూరంలో ఉందన్నది రెండోది. ఈ రెండింటికీ కాగితం మీద జవాబు రాసుకున్న తరువాతనే ఫీజు గురించి, హాస్టల్ గురించి మాట్లాడుకోవాలి.

జేఈఈ మెయిన్

అన్నింటిలోకీ తేలికైన నిర్ణయం ఇదే. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది. రెండూ రాసినవారికి ఎక్కువ వచ్చిన స్కోరునే ర్యాంకుకు లెక్కిస్తారు. జనవరిలో రాసిన విద్యార్థికి ఏప్రిల్‌లో తక్కువ వచ్చినా నష్టం లేదు, దరఖాస్తు రుసుము తప్ప పోయేదీ లేదు. కాబట్టి రాయడమే మంచిది. అయితే ఈ రెండు విడతల మధ్యనే ఇంటర్ పబ్లిక్ పరీక్షలు వస్తాయి. ఎన్‌ఐటీల్లో, ఐఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 65 శాతం మార్కులు ఉండాలి, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో నిలవాలి. వెయ్యి మార్కుల మన ఎంపీసీలో 75 శాతమంటే 750. ఏప్రిల్ విడత మీద ఆశతో మార్చిని వదిలేసిన విద్యార్థి ర్యాంకు తెచ్చుకుని కూడా ప్రవేశం దగ్గర ఆగిపోవలసి రావచ్చు.

పర్సంటైల్ అంటే రాసినవారిలో నూటికి ఎంతమంది మన వెనుక ఉన్నారన్న లెక్క; దానిని ర్యాంకుగా మార్చుకుని చూడకపోవడం వల్ల చాలామంది తల్లిదండ్రులకు తమ పిల్లలు ఎక్కడ నిలిచారో తెలియడం లేదు. 2025లో రెండు విడతలూ కలిపి 14 లక్షలకు పైగా విద్యార్థులు ఈ పరీక్ష రాశారు. అంటే ఒక్క పర్సంటైల్ తేడా సుమారు 14 వేల ర్యాంకుల తేడా. 90 పర్సంటైల్ అంటే వినడానికి బాగుంటుంది గాని, దాని వెనుక ఉన్నది దాదాపు లక్షా 40 వేల ర్యాంకు. అది 92కు పెరిగినా ఓపెన్ కేటగిరీ విద్యార్థికి వరంగల్ ఎన్‌ఐటీ దగ్గరపడదు, సగం సీట్లు తెలంగాణ విద్యార్థులకే కేటాయించినా సరే. అదే 97 ఉన్న విద్యార్థి 98.5కు చేరితే వెబ్ ఆప్షన్ల జాబితాయే (ఆన్‌లైన్‌లో కోరుకునే కళాశాలల వరుస) మారిపోతుంది. ఐఐటీ సీట్ల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ అర్హతకు ఓపెన్ కేటగిరీలో 2024లోనూ 2025లోనూ 93 పర్సంటైల్ దాటవలసి వచ్చిందన్న సంగతినీ గుర్తుంచుకోవాలి.

జేఈఈ కోసం ఒక ఏడాది పూర్తిగా ఆగడం మాత్రం వేరే లెక్క. మెయిన్‌ను ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి వరుసగా మూడేళ్లు రాయవచ్చు. అడ్వాన్స్‌డ్‌కు ఉన్నవి వరుసగా రెండేళ్లలో రెండు అవకాశాలే. ఒకసారి ఐఐటీ సీటు తీసుకున్నవారు మళ్లీ అడ్వాన్స్‌డ్ రాయడానికి వీలుండదు. ఓపెన్ కేటగిరీలో మెయిన్ స్కోరు 95 పర్సంటైల్ దాటి ఉండి, రెండో సంవత్సరం సిలబస్‌లో కొన్ని అధ్యాయాలు అసలు పూర్తికాక మార్కులు పోయిన విద్యార్థికి ఏడాది ఆగడం అర్థవంతమైన పని. రిజర్వేషన్ ఉన్నవారు ఇదే మాటను తమ కేటగిరీ కటాఫ్‌తో సరిచూసుకోవాలి. సిలబస్ అంతా రెండుసార్లు తిరగేసి, వారం వారం పరీక్షలు రాసి కూడా 80 దగ్గర ఆగిపోయిన విద్యార్థి అదే పుస్తకాలతో మరో ఏడాది గడిపితే దక్కేది తక్కువ. అటువంటివారు ఈఏపీసెట్ ద్వారా మంచి బ్రాంచిలో చేరి, బీటెక్ మూడో సంవత్సరం నుంచే రాయగలిగే గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) మీద ఆశ పెట్టుకోవడం మేలు. ఐఐటీలో చదవాలన్న కోరిక అప్పుడు ఎంటెక్‌తో తీరవచ్చు.

ఈఏపీసెట్

ఈఏపీసెట్ ఒక్కదాని కోసమే ఏడాది ఆగమని నేను సాధారణంగా చెప్పను. ఇందులో 160 ప్రశ్నలు, 160 మార్కులు, తప్పుకు కోత లేదు. ఇంజనీరింగ్ విభాగంలో సగం మార్కులు గణితానివే, మిగతా సగం భౌతిక, రసాయన శాస్త్రాలవి. ఇంటర్ మార్కుల వెయిటేజీని తొలగించారు గనుక ర్యాంకు పూర్తిగా ఈ మూడు గంటల మీదనే ఆధారపడుతుంది. మధ్య శ్రేణి మార్కుల దగ్గర విద్యార్థులు గుంపులుగా ఉంటారు, కొద్ది మార్కులకే ర్యాంకు వేలల్లో కదులుతుంది. ఇది చూసి, కొంచెం చదివితే ర్యాంకు సగానికి తగ్గుతుందన్న ఆశ కలగడం సహజమే. కాని ఆ తగ్గిన ర్యాంకుతో వచ్చేదేమిటి? చాలాసార్లు అదే స్థాయి ప్రైవేటు కళాశాలలో కొంచెం గిరాకీ ఉన్న బ్రాంచి. దాని కోసం ఒక ఏడాది ఇవ్వడం కంటే ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ)లోనో ఎలక్ట్రికల్ (ఈఈఈ)లోనో చేరడం మేలు; మొదటి సంవత్సరం నుంచే ప్రోగ్రామింగ్ శ్రద్ధగా నేర్చుకున్న విద్యార్థి నాలుగేళ్ల చివర వెనుకబడి ఉండడు. వనపర్తిలోని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలను, నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలను ఆప్షన్లలో చివరన పెట్టి, హైదరాబాద్ శివార్లలో ఊరూ పేరూ తెలియని కళాశాలలను ముందు పెట్టే అలవాటు మన జిల్లాల్లో ఉంది. ఆగాలా వద్దా అనుకునే ముందు, ఆప్షన్లు సరిగా పెట్టామా అన్నది చూసుకోవాలి.

ఈ మాటకు ఒక ముఖ్యమైన మినహాయింపు ఫీజు. బోధన రుసుము వాపసుకు అర్హత ఉన్న కుటుంబాల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో సంబంధం లేకుండా పూర్తి ఫీజు వర్తిస్తుంది. బీసీ, ఈబీసీ విద్యార్థులకు మాత్రం సాధారణంగా 10,000 లోపు ర్యాంకు ఉంటేనే పూర్తి ఫీజు, ఆపైన ఉంటే 35,000 రూపాయలు. కళాశాల ఫీజు ఏటా 1,20,000 అనుకుంటే, 12,000 ర్యాంకు ఉన్న బీసీ విద్యార్థి ఇంటి మీద ఏటా 85,000, నాలుగేళ్లకు 3,40,000 రూపాయల భారం పడుతుంది. కాబట్టి 11 వేలు, 13 వేలు దగ్గర ఆగిన విద్యార్థికి, పరీక్ష నాడు జ్వరమో కుటుంబంలో విషాదమో ఉన్నట్లయితే, ఏడాది ఆగే ఆలోచన తోసిపుచ్చదగినది కాదు. 40 వేల ర్యాంకు నుంచి 10 వేలలోపుకు వస్తామన్న లెక్క మీద ఏడాదిని పందెం కాయడం మాత్రం వద్దు. వాపసు సొమ్ము ప్రభుత్వం నుంచి ఆలస్యంగా రావడం, ఆ లోపల కళాశాలలు విద్యార్థులనే కట్టమనడం కూడా మనం చూస్తున్నదే. పూర్తి వాపసు వర్తించినా మొదటి ఏడాదికి చేతిలో కొంత డబ్బు ఉంచుకోవాలి.

నీట్

అసలు బరువైన నిర్ణయం నీట్‌ది. ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది, ఆ ఏడాది స్కోరుతో మన దేశంలో ఆ ఏడాదే చేరాలి. రాయడానికి వయోపరిమితి లేదు, ఇన్నిసార్లే రాయాలన్న నియమమూ లేదు. పరిమితి లేకపోవడం విద్యార్థికి మేలు చేసే నిబంధనే గాని, ఎక్కడ ఆగాలో నిర్ణయించే భారాన్ని అది పూర్తిగా కుటుంబం మీద వేసింది.

మొదట మార్కుల గురించి ఒక మాట. నిరుడు ఇన్ని మార్కులకు సీటు వచ్చింది, మనకు ఇంకా ఇన్ని కావాలి అని లెక్కవేసే పద్ధతి నీట్‌లో మోసం చేస్తుంది. 2024లో సవరించిన ఫలితాల తరువాత కూడా 720కి 720 తెచ్చుకున్నవారు 17 మంది ఉన్నారు. 2025లో దేశంలో మొదటి ర్యాంకుకు వచ్చినవి 686 మార్కులు. ఓపెన్ కేటగిరీ అర్హత మార్కు కూడా 162 నుంచి 144కు దిగింది. 2025లో భౌతికశాస్త్రం ప్రశ్నలు ఎంత కఠినంగా వచ్చాయో రాసినవారికి తెలుసు. అందువల్ల 2024లో 520 తెచ్చుకున్న విద్యార్థిని, 2025లో 480 తెచ్చుకున్న విద్యార్థిని పక్కపక్కన పెట్టి రెండోవాడు వెనుకబడ్డాడనడం తప్పు. పోల్చవలసింది ర్యాంకును. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రతి విడత కౌన్సెలింగ్ తరువాత కళాశాలల వారీగా విడుదల చేసే కేటాయింపు జాబితాల్లో ర్యాంకు, కేటగిరీ ఉంటాయి. చివరి విడత జాబితాను తెరిచి, మన కేటగిరీలో చివరి పేరు ఎక్కడ ఆగిందో చూడాలి. కోచింగ్ కేంద్రం వారు చెప్పే ఉజ్జాయింపు దీనికి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే వారికి విద్యార్థి చేరడం వల్ల లాభం ఉంది.

ఈ జాబితాలను కూడా కొంత జాగ్రత్తగానే చదవాలి. తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి వచ్చింది; 15 శాతం రిజర్వేషన్ మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాలుగా విడిపోయింది. కనుక ఎస్సీ విద్యార్థులు 2024, అంతకుముందటి కటాఫ్‌లను నమ్ముకోకూడదు, తమ గ్రూపు వారీగా వచ్చిన జాబితానే చూడాలి. కళాశాలలు పెరగడం ఇంకో మార్పు. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఆ తరువాత నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట, యాదాద్రి కూడా చేరాయి. కొత్త కళాశాలలు వచ్చిన ఏడాది కటాఫ్ సడలినట్లు కనిపిస్తుంది. ప్రతి ఏడాదీ అలాగే సడలుతుందని అనుకోరాదు.

ఇప్పుడు మార్కులు పోయిన చోటును వెదకాలి. ఫలితాలకు ముందు పరీక్ష నిర్వహించే సంస్థ ఎన్‌టీఏ విద్యార్థి జవాబులు గుర్తించిన ఓఎంఆర్ పత్రాన్ని, జవాబుల కీని వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఆ రెండింటినీ దాచుకుని, ఇంటి దగ్గర నింపాదిగా కూర్చుని 180 ప్రశ్నలనూ మళ్లీ చూడాలి. ఒక విద్యార్థి 100 సరైన జవాబులు, 60 తప్పులు, 20 ఖాళీలతో 340 మార్కులు తెచ్చుకున్నాడనుకుందాం. ఆ 60 తప్పుల్లో 25 తనకు తెలిసిన అధ్యాయాల్లోవే అయి, సగం గుర్తుండి తొందరలో పోయినవైతే, అవి సరి కావడం వల్ల ఒక్కొక్కదానికి ఐదు చొప్పున 125 మార్కులు పెరుగుతాయి, ఎందుకంటే నాలుగు రావడంతో పాటు పోయిన ఒకటి కూడా తిరిగి వస్తుంది. మిగిలిన 35లో ఏమీ తెలియక ఊహించి గీసిన 15ను ఖాళీగా వదిలేయడం నేర్చుకుంటే మరో 15. కొత్తగా ఒక్క అధ్యాయం నేర్వకుండానే 340 కాస్తా 480 అవుతుంది. ఇటువంటి విద్యార్థికి లాంగ్‌టర్మ్ నిజంగా ఉపయోగం. అవే 340 మార్కులు వేరే విధంగానూ రావచ్చు: తెలిసినవన్నీ సరిగా రాసి, మిగతావాటిలో అధ్యాయాలకు అధ్యాయాలే అర్థంకాక పోయి ఉండవచ్చు. ఆ విద్యార్థికి కావలసింది రివిజన్ కాదు, మొదటి నుంచి పాఠం. లాంగ్‌టర్మ్ బ్యాచిల్లో పాఠం వేగంగా సాగుతుంది, రోజూ పరీక్షలు ఎక్కువ. పునాది లేనివారు రెండో నెలకే వెనుకబడతారు.

సబ్జెక్టుల వారీ తేడా కూడా చూడాలి. 720లో 360 జీవశాస్త్రానివి. మన దగ్గర ఇంటర్ బైపీసీ విద్యార్థులు చాలామంది తెలుగు అకాడమీ వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పుస్తకాలు చదివి నీట్‌కు వెళతారు. ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ పాఠ్య) పుస్తకాన్ని వాక్యం వాక్యం చదవడం అప్పటిదాకా జరిగి ఉండదు. జీవశాస్త్రంలో తక్కువ రావడానికి కారణం ఇదే అయితే, ఆ లోటు ఏడాదిలో కచ్చితంగా తీరుతుంది, అన్నింటికన్నా త్వరగా తీరేది కూడా ఇదే. జీవశాస్త్రంలో 300 దాటి, భౌతికశాస్త్రంలో 40 దగ్గర ఆగిన విద్యార్థికి పెరిగే చోటు ఉన్నది భౌతికశాస్త్రంలో. కాని అది నెమ్మదిగా పెరిగే సబ్జెక్టు, ప్రతిరోజూ లెక్కలు చేయవలసినది. పదో తరగతి గణితంలోనే తడబడిన పిల్లలు దీనికి ముందుగా బీజగణితం, త్రికోణమితి మీద కొన్ని వారాలు కూర్చోవాలి. ఎన్‌సీఈఆర్‌టీ పూర్తిగా చదివి, రెండుసార్లు రివిజన్ చేసి కూడా జీవశాస్త్రంలో 200 దాటనివారు నీట్‌ను మరోసారి ఎంచుకునే ముందు గట్టిగా ఆలోచించాలి. మరొక చిన్న సంగతి: 2024 పరీక్ష నుంచి సిలబస్ తగ్గింది. అన్నయ్యో అక్కయ్యో వాడిన పాత మెటీరియల్‌తో చదివేవారు తీసివేసిన అధ్యాయాల మీద నెలలు పోగొట్టుకోకూడదు.

దూరం, మార్కులు తెలిసిన తరువాత, ఎదురుగా ఉన్న సీటును చూడాలి. ప్రభుత్వ కళాశాలలో ఎంబీబీఎస్ ఫీజు ఏటా 10,000 రూపాయలు, ప్రైవేటులో తక్కువ ఫీజుతో ఇచ్చే కన్వీనర్ కోటాకు 60,000, ఎక్కువ ఫీజుతో ఇచ్చే యాజమాన్య (బీ కేటగిరీ) సీటుకు పది లక్షలు దాటుతుంది. నార్కట్‌పల్లిలోనో మహబూబ్‌నగర్‌లోనో ప్రైవేటు కళాశాలలో బీ కేటగిరీ సీటు కోసం ఎకరాలు అమ్మే ఆలోచనకు, ఒక ఏడాది లాంగ్‌టర్మ్‌కు మధ్య ఎంచుకోవలసి వస్తే, కన్వీనర్ కోటా చివరి ర్యాంకుకు కొద్ది దూరంలో ఉన్న విద్యార్థి విషయంలో నేను లాంగ్‌టర్మ్ వైపే మొగ్గుతాను. ఐదేళ్ల బీ కేటగిరీ ఫీజు ముందు హాస్టల్‌తో కలిపి ఒక ఏడాది కోచింగ్ ఖర్చు చాలా చిన్నది. అమ్మిన పొలాన్ని డాక్టరైన తరువాత తిరిగి కొనడం అనుకున్నంత సులభం కాదు. విదేశాలకు వెళ్లి చదవాలనుకునేవారికి నీట్ అర్హత మూడేళ్లు చెల్లుతుంది గనుక ఈ ఏడే తొందరపడవలసిన అవసరం లేదు. తిరిగి వచ్చాక ఇక్కడ వైద్యం చేయడానికి మరో అర్హత పరీక్ష ఉంటుందన్నది మాత్రం ముందే తెలిసి ఉండాలి.

చేరుతూనే మళ్లీ రాయడం

సీటులో చేరడం, ఇంట్లో కూర్చుని మళ్లీ రాయడం అన్న రెండు దారుల మధ్య మూడోది ఉంది. ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ విభాగంలో ర్యాంకు వచ్చిన బైపీసీ విద్యార్థి బీఎస్సీ అగ్రికల్చర్‌లోనో బీ ఫార్మసీలోనో చేరి, మరుసటి మేలో నీట్ రాయవచ్చు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ కళాశాల ఉంది; పశువైద్య డిగ్రీ మరో దారి. ఇవి డాక్టరు సీటు రానివారికి మిగిలిన తక్కువ చదువులు కావు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పుట్టి పొలం, పశువు తెలిసిన పిల్లలకు ఇవి మంచి బతుకు ఇస్తాయి, ప్రభుత్వ కొలువుల దారీ ఉంది. వీటిని మొదటి నుంచే గౌరవంగా ఆప్షన్లలో పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

చేరి రాయడంలో కష్టం ఒకటుంది. వ్యవసాయం, పశువైద్యం సెమిస్టర్ చదువులు, ప్రాక్టికల్స్ ఎక్కువ, హాజరు తప్పనిసరి. రెండింటినీ మోసేవారు తక్కువ. నీట్‌లో మన కేటగిరీ చివరి ర్యాంకుకు అతి దగ్గరలో ఆగి, కేవలం రివిజన్, పరీక్షల సాధన మాత్రమే మిగిలిన విద్యార్థికి ఈ దారి పనిచేస్తుంది. 100, 150 మార్కులు పెరగవలసినవారికి పనిచేయదు. అటువంటివారు ఆగితే పూర్తిగా ఆగాలి, చేరితే మనస్ఫూర్తిగా చేరాలి. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా డిగ్రీలో చేరి, కళాశాలకు పేరుకు వెళుతూ నీట్ చదువుతామనుకునేవారిది మరీ సందిగ్ధ స్థితి. డిగ్రీ మార్కులు పోతాయి, నీట్‌కు కావలసిన గంటలూ దొరకవు. చేరే ముందు సీటు వదిలితే ఫీజు ఎంత తిరిగి ఇస్తారు, అసలు సర్టిఫికెట్లు ఎప్పుడు ఇస్తారు అన్నది ప్రవేశ నిబంధనల్లో చదివి, కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. నోటిమాట మీద ఒరిజినల్స్ ఇచ్చి తరువాత తిరిగేవారు ప్రతి ఏడాదీ ఉంటారు.

కౌన్సెలింగ్ పూర్తి కాకుండానే ఆశ వదులుకోవడం కూడా పొరపాటే. నీట్ ఫలితాలు జూన్‌లో వస్తాయి, లాంగ్‌టర్మ్ బ్యాచిలు వెంటనే మొదలవుతాయి, వైద్య సీట్ల చివరి విడతలు శీతాకాలం దగ్గరపడేదాకా సాగుతాయి. లాంగ్‌టర్మ్‌లో చేరినా చివరి విడత దాకా రిజిస్ట్రేషన్‌ను, ఆప్షన్లను వదలకూడదు. చివర్లో ఖాళీలు వచ్చి కటాఫ్ కొంత జారుతుంది. చివరి విడతల్లో వచ్చిన సీటును వదిలేస్తే జరిమానా, అనర్హత నిబంధనలు ఉంటాయి గనుక, వస్తే తప్పక చేరతామన్న కళాశాలలనే అక్కడ పెట్టాలి.

స్థానికత మీద ఒక హెచ్చరిక కూడా అవసరం, ముఖ్యంగా విజయవాడ దారిలో ఉన్న నల్లగొండ, సూర్యాపేట వాళ్లకు. తెలంగాణలో స్థానిక కోటా వైద్య సీటుకు ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా, ఇక్కడే చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇంటర్ ఇక్కడ చదివి, లాంగ్‌టర్మ్‌కు విజయవాడో గుంటూరో వెళితే దీనివల్ల ఇబ్బంది లేదు. ఇంటరే అక్కడ చదివినవారు మాత్రం, కొన్ని మినహాయింపులు వర్తిస్తే తప్ప, ఇక్కడ స్థానికులు కారు. ఎన్నిసార్లు రాసినా ఆ స్థితి మారదు, కాబట్టి వారు ర్యాంకు దూరాన్ని వేరే జాబితాతో లెక్కించుకోవాలి.

రాయవలసింది ఎవరు

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ అనుకూలంగా ఉన్నా, విద్యార్థి మనసులో ఇష్టం లేకపోతే లాంగ్‌టర్మ్‌కు పంపకూడదు. ఈ మాటను నేను మర్యాద కోసం చెప్పడం లేదు. తోటివారు కళాశాలల్లో చేరి ఫొటోలు పంపుకుంటుంటే, అదే పాఠాన్ని రెండోసారి వింటూ, ఆదివారం గ్రాండ్ టెస్టు, సోమవారం ర్యాంకు జాబితా, ఇలా పది నెలలు గడపడానికి తనకు తానుగా కోరుకున్న కారణం ఉండాలి. అమ్మ కోరిక, నాన్న చేసిన అప్పు, ఊళ్లో మాట, ఇవి అక్టోబరు దాకా కూడా నిలబెట్టవు. నిద్రపట్టకపోవడం, తిండి మానడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం కనిపిస్తే చదువు సంగతి పక్కన పెట్టి వెంటనే ఇంటికి తెచ్చుకోవాలి. మానసిక ఆరోగ్య సహాయం అందించే టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏ సీటూ పిల్లల కన్నా ఎక్కువ కాదు.

ఆడపిల్లల విషయంలో అన్యాయం జరిగేది కూడా ఇక్కడే. అబ్బాయికి రెండో లాంగ్‌టర్మ్‌కు సిద్ధపడే ఇళ్లలోనే, అతని కంటే దగ్గరి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయికి మొదటి అవకాశం కూడా ఇవ్వక సంబంధాలు చూడడం మన జిల్లాల్లో ఇంకా ఆగలేదు. ర్యాంకు దూరం, మార్కులు పోయిన చోటు అన్న కొలతలు ఇద్దరికీ ఒకటే కావాలి. డబ్బు ఇబ్బంది అయితే ముందుగా గురుకులాలను విచారించాలి; సంక్షేమ గురుకుల సొసైటీలు తమ విద్యార్థులకు ఉచితంగా నీట్ లాంగ్‌టర్మ్ శిక్షణ నడిపిస్తూ వచ్చాయి, ఆ ఏటి ప్రకటనను గురుకుల ప్రిన్సిపాల్ దగ్గర అడగవచ్చు.

రెండో లాంగ్‌టర్మ్ గురించి ఇప్పుడే మాట్లాడుకోవాలి, వచ్చే జూన్‌లో కాదు. మొదటి లాంగ్‌టర్మ్ తరువాత ర్యాంకు సీటుకు ఎంత దగ్గరగా వస్తే మరోసారి ప్రయత్నిస్తాం, ఎంత దూరంలో ఉంటే ఆగిపోతాం అన్న సంఖ్యను విద్యార్థి, తల్లిదండ్రులు కలిసి ముందే రాసుకోవాలి. ఫలితం వచ్చిన రోజు దుఃఖంలో తీసుకునే నిర్ణయం సాధారణంగా మరో ఏడాది వైపే లాగుతుంది. ఏడాది చివర ర్యాంకు మెరుగైనా కేటగిరీ చివరి ర్యాంకుకు ఇంకా చాలా దూరంలో ఉన్నప్పుడు, మూడోసారి కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. ఫీజు వాపసుకు ఇంజనీరింగ్ వంటి కోర్సుల్లో వయోపరిమితి కూడా ఉంది.

ఆగాలని నిర్ణయించినవారు ఈ ఏడాది కాలంలో కాగితాలను చక్కగా ఉంచుకోవాలి. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ ఒకచోట ఉండాలి. ఆదాయ ధ్రువపత్రాన్ని, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల కోటా) వర్తించేవారు ఆ పత్రాన్ని, కౌన్సెలింగ్‌కు నెల ముందే మీసేవలో కొత్తగా తీసుకోవాలి, ఎందుకంటే నిరుటివి చెల్లవు. మధ్యలో ఖాళీ ఏడాది ఉన్నందుకు కొన్ని కళాశాలలు గ్యాప్ అఫిడవిట్ అడుగుతాయి. దానిని కూడా ముందే చేయించి పెట్టుకుంటే కౌన్సెలింగ్ రోజున వరంగల్‌కో హైదరాబాద్‌కో వెళ్లి, ఒక్క కాగితం కోసం తిరిగి ఊరికి పరుగెత్తవలసిన అవసరం ఉండదు.